హెర్పిస్ రిపోర్టు చేతికొచ్చాక: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇప్పుడు రిపోర్టు కవర్లో పెట్టి ఇవ్వడం లేదు. పొద్దున్నే కూకట్‌పల్లిలోనో మెహదీపట్నంలోనో ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తారు. సాయంత్రం మనం ఆఫీసు క్యాబ్‌లో ఉండగా వాట్సాప్‌లో పీడీఎఫ్ పడుతుంది. పక్కన ఎవరో కూర్చుని ఉంటారు. ఫోను వెలుతురు తగ్గించి చూస్తే లావు అక్షరాల్లో ‘పాజిటివ్’. అదేమిటో చెప్పే మనిషి ఉండడు. ఆ రాత్రి నిద్ర ఉండదు.

నేను హైదరాబాద్‌లో సుఖవ్యాధుల కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. మందు రాయడం డాక్టరు పని. ఆ కాగితం ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో విడమరచడం నా పని. నా ఎదురుగా కూర్చున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవి ఇక్కడ రాస్తున్నాను.

హెచ్‌ఎస్‌వీ-1 ఐజీజీ పాజిటివ్ అని వచ్చింది. నాకు సుఖవ్యాధి ఉన్నట్టేనా?

ఆ ఒక్క లైను చూసి అలా అనలేం. హెచ్‌ఎస్‌వీ అంటే హెర్పిస్ సింప్లెక్స్ వైరస్. అందులో రెండు రకాలు: ఒకటో రకం ఎక్కువగా మూతి దగ్గర, రెండో రకం ఎక్కువగా జననాంగాల దగ్గర వస్తుంది. మీ రిపోర్టులో ఉన్నది ఒకటో రకం. జ్వరం తగ్గాక పెదవి చివర పేలుతుందే, ఆ పొక్కుకు కారణం ఈ వైరస్సే. చాలామందికి పసితనంలోనే, ఇంట్లో పెద్దవాళ్ల ముద్దుల వల్లే అంటుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్లలోపు వాళ్లలో సుమారు 380 కోట్ల మందికి ఇది ఉంది. అంటే ముగ్గురిలో ఇద్దరికి అనుకోండి. వాళ్లలో ఎక్కువమందికి జన్మలో ఒక్క పొక్కు కూడా కనిపించదు.

ఈ రక్తపరీక్ష వెతికేది వైరస్‌ను కాదు, దాన్ని ఎదుర్కోవడానికి మన ఒళ్లు తయారు చేసుకున్న ఐజీజీ అనే యాంటీబాడీలను. అవి ఉన్నాయంటే వైరస్ ఎప్పుడో ఒకప్పుడు లోపలికి వచ్చిందని మాత్రమే అర్థం. అది మూతి దగ్గర ఉందా, జననాంగాల దగ్గర ఉందా అన్నది రక్తం చెప్పదు. ఓరల్ సెక్స్ వల్ల ఈ ఒకటో రకం కింద భాగానికి కూడా అంటుతుంది కాబట్టి, అక్కడ ఎప్పుడైనా పొక్కులు, పుండ్లు వచ్చి ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అలాంటిదేమీ లేకపోతే ఈ ఒక్క లైను కోసం కంగారు పడకండి.

హెర్పిస్ అంటే సర్పియేనా?

కాదు. సర్పి అని మనవాళ్లు అనేది హెర్పిస్ జోస్టర్. నడుముకో ఛాతీకో ఒక పక్కనే పట్టీలా పొక్కులు లేచి, నిప్పు పెట్టినట్టు మండుతుంది. ఎప్పుడో వచ్చి తగ్గిన ఆటలమ్మ వైరస్ నరాల్లో దాక్కుని ఏళ్ల తర్వాత మళ్లీ లేస్తే వచ్చేది అది. దానికీ సెక్స్‌కీ సంబంధం లేదు. మనం ఇక్కడ మాట్లాడుతున్నది హెర్పిస్ సింప్లెక్స్. రిపోర్టులో హెచ్‌ఎస్‌వీ అని ఉంటే సింప్లెక్స్, వీజెడ్‌వీ అని ఉంటే సర్పి వైరస్. సర్పి వచ్చిన మామగారి పక్కమీద కూర్చున్నందుకు తనకు హెచ్‌ఎస్‌వీ వచ్చిందని ఏడ్చిన కోడలిని చూశాను. పేర్ల దగ్గర వచ్చిన తికమక మనిషిని ఎంత బాధపెట్టగలదో ఆ రోజు తెలిసింది.

గర్భం నిలవలేదని టార్చ్ పరీక్షలు (రుబెల్లా, హెర్పిస్ లాంటి కొన్ని ఇన్ఫెక్షన్లకు కలిపి చేసేవి) రాశారు. హెర్పిస్ ఐజీఎం పాజిటివ్ వచ్చింది. అంటే ఈ మధ్యే అంటిందా?

ఈ ప్రశ్నతో వచ్చే ఆడవాళ్ల చేతిలో ఒక ప్లాస్టిక్ ఫైలు ఉంటుంది. స్కానింగ్ కాగితాలన్నీ తేదీల వారీగా పేర్చి, అడుగున ఈ రిపోర్టు. గర్భం పోయిన బాధలో ఉన్న మనిషికి ఈ అనుమానం కూడా తోడైతే ఎంత కుంగిపోతారో నేను చూస్తూనే ఉన్నాను.

ఐజీఎం మరో రకం యాంటీబాడీ. చాలా జబ్బుల్లో ఐజీఎం ఉంటే కొత్తది, ఐజీజీ ఉంటే పాతది అని లెక్క. హెర్పిస్‌కు ఆ లెక్క పనికిరాదు. పాత వైరస్ మళ్లీ లేచినప్పుడు కూడా ఐజీఎం కనిపించవచ్చు. ఒకటో రకమా, రెండో రకమా అన్నది అది నమ్మకంగా విడదీయలేదు. అసలు వైరస్ లేకపోయినా పాజిటివ్ చూపించగలదు. అందుకే హెర్పిస్ తేల్చడానికి ఐజీఎం వాడొద్దని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. మన ల్యాబులు మాత్రం ప్యాకేజీలో కలిపి అమ్ముతూనే ఉన్నాయి.

కాబట్టి ఆ ఐజీఎం లైను వల్లే గర్భం పోయిందని అనుకోకండి. మీ ఆయన మీద అనుమానానికి కూడా దాన్ని ఆధారం చేసుకోకండి. గర్భం ఎందుకు నిలవడం లేదో వేరే దారిలో వెతకమని మీ గైనకాలజిస్టును అడగండి.

హెచ్‌ఎస్‌వీ-2 ఐజీజీ 1.6 వచ్చింది. ఖాయమైనట్టేనా?

నా దగ్గరికి వచ్చే కాగితాల్లో అన్నిటికన్నా ఎక్కువ కన్నీళ్లు పెట్టించేది ఈ అంకె. 1.3, 1.6, 2.1. చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంటుంది. పక్కనే చిన్న అక్షరాల్లో ఉండే లైను ఎవరూ చదవరు: 0.9 లోపు నెగెటివ్, 0.9 నుంచి 1.1 వరకు ఎటూ తేలనిది, 1.1 దాటితే పాజిటివ్. కొన్ని కిట్ల కొలత వేరుగా ఉంటుంది కాబట్టి ముందు మీ రిపోర్టులో ఆ లైను చూడండి.

1.1 దాటింది కదా, ఇంకేముంది అనుకుంటాం. కానీ ఎక్కువగా వాడే ఈ రకం కిట్లలో 1.1కూ 3.0కూ మధ్య వచ్చే పాజిటివ్‌ను నమ్మలేం. ఒక అధ్యయనంలో 1.1 నుంచి 2.9 మధ్య వచ్చిన వాళ్లను వెస్టర్న్ బ్లాట్ అనే మరింత కచ్చితమైన పరీక్షతో మళ్లీ చూస్తే, సగం మందికి కూడా నిర్ధారణ కాలేదు. మిగతావాళ్లలో చాలామందికి రెండో రకం వైరస్ లేనే లేదు. 3.0 కన్నా తక్కువ వస్తే వేరే పద్ధతిలో మరోసారి నిర్ధారించుకోవాలని అందుకే చెబుతారు. అంకె 5, 8, 10 అలా ఎక్కువగా ఉంటే నమ్మకం పెరుగుతుంది.

వెస్టర్న్ బ్లాట్ మన వీధి చివర ల్యాబులో దొరికేది కాదు. దాన్ని ప్రామాణికంగా చేసేది సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్. ఇక్కడ మనం చేయగలిగినవి ఉన్నాయి. అనుమానం ఉన్న కలయిక జరిగి 12 వారాలు దాటాక, వేరే పద్ధతి వాడే ల్యాబులో మళ్లీ చేయించడం ఒకటి. పొక్కు వస్తే ఆ పొక్కు నుంచే నమూనా ఇవ్వడం రెండోది. మళ్లీ చేయించిన పరీక్ష వచ్చేదాకా ఎవరికీ ‘నాకు హెర్పిస్ ఉంది’ అని ప్రకటించనక్కర్లేదు. ఆ కొద్ది వారాలు కండోమ్ వాడితే చాలు.

ఏ లక్షణమూ లేనివాళ్లకు ఊరికే హెర్పిస్ రక్తపరీక్ష చేయొద్దని అమెరికా నివారణ సేవల బృందం 2016లో చెప్పింది, 2023లో మళ్లీ అదే చెప్పింది. కారణం ఈ తప్పుడు పాజిటివ్‌లే. ‘ఫుల్ ప్యానెల్’ ఆఫర్‌లో ఉందని చేయించుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

నెగెటివ్ వచ్చింది. ఇక నిశ్చింతగా ఉండొచ్చా?

ఎప్పుడు చేయించారన్న దాన్నిబట్టి ఉంటుంది. యాంటీబాడీలు పరీక్షకు అందేంతగా తయారవడానికి కొన్ని వారాలు పడుతుంది. మూడు నెలల్లోపు వచ్చిన నెగెటివ్‌ను చివరి మాట అనుకోవద్దు. ఒకటో రకం విషయంలో అయితే ఈ పరీక్ష నిజంగా ఉన్నవాళ్లను కూడా కొంతమందిని వదిలేస్తుంది.

ఇప్పుడు పొక్కులు ఉన్నాయి. రక్తం ఇవ్వాలా?

ముందు పొక్కు చూపించండి. అంతకన్నా మంచి సమయం దొరకదు. పొక్కు పచ్చిగా ఉండగానే, వీలైతే వచ్చిన రెండు రోజుల్లోపు, దాని అడుగు నుంచి దూదిపుల్లతో నమూనా తీసి పీసీఆర్ చేయిస్తే వైరస్ ఉందా, ఒకటో రకమా రెండో రకమా అన్నీ తేలతాయి. పక్కు కట్టాక వైరస్ దొరక్కపోవచ్చు. సిగ్గుపడి వారం ఆగి, అంతా ఎండిపోయాక వచ్చేవాళ్లే ఎక్కువ. దయచేసి ఆగకండి. దాని మీద పసుపు, సున్నం, మెడికల్ షాపువాళ్లు ఇచ్చిన స్టెరాయిడ్ క్రీము రాయకుండా రండి.

కొన్నిచోట్ల జాంక్ స్మియర్ అని పొక్కు అడుగు గీకి గాజుపలక మీద చూస్తారు. తక్కువ ఖర్చు, వెంటనే తెలుస్తుంది. కానీ అది రెండు రకాలను విడదీయలేదు, సర్పి నుంచి కూడా తేడా చెప్పలేదు, చాలా కేసులు దాని కంట పడవు.

పుండు కాబట్టి సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా చేయించమంటారు. అది మీ నడవడిక మీద తీర్పు కాదు. కింద పుండు వచ్చిన ప్రతి ఒక్కరికీ చేసేదే.

మా ఆయనకే ముందు వచ్చింది. అంటే ఆయన బయట తిరిగినట్టే కదా?

ఈ ప్రశ్నను చాలామంది నోటితో అడగరు. నా గదిలో రెండు కుర్చీలు పక్కపక్కనే వేసి ఉంటాయి. ఒక్కోసారి భార్య వచ్చి తన కుర్చీని గోడ దాకా లాక్కుని కూర్చుంటుంది. ఆ చప్పుడుతోనే నాకు అర్థమైపోతుంది. ఒకావిడ మాటలన్నీ అయ్యాక, భర్తను మందులు తెమ్మని పంపి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది: “మేడమ్, పెళ్లయి పదకొండేళ్లు. ఇది పదకొండేళ్లు దాక్కుంటదా?”

దాక్కుంటుంది. ఇదే హెర్పిస్‌లో అందరూ తెలుసుకోవాల్సిన సంగతి. ఈ వైరస్ చర్మం దగ్గర నుంచి నరం వెంట వెళ్లి వెన్ను దగ్గరి నరాల ముడిలో పడుకుంటుంది. అంటిన రెండు నుంచి పన్నెండు రోజుల్లో పొక్కులు రావచ్చు. ఏమీ రాకుండా ఏళ్లు గడిచి, ఏ జ్వరమో ఒత్తిడో వచ్చినప్పుడు మొదటిసారి కనిపించనూ వచ్చు. వచ్చినా చిన్న దురద, షేవింగ్ కోత, ‘ఏదో పురుగు పాకింది’ అనుకుని వదిలేస్తారు. అమెరికాలో రెండో రకం ఉన్న 14-49 ఏళ్ల వాళ్లలో సుమారు 87 శాతం మందికి డాక్టరు ఎప్పుడూ ఆ మాట చెప్పనేలేదట. తెలియకుండా మోస్తున్నవాళ్లే ఎక్కువన్నమాట.

అందుకే ముందు ఎవరికి పొక్కు వచ్చిందో వాళ్లే తెచ్చారని చెప్పలేం. భార్యకు ఎప్పటి నుంచో ఉండి, లక్షణం లేకుండా ఉండి, భర్తకు అంటాక ఆయనకు మాత్రమే బయటపడిన జంటలు ఉన్నాయి. ఏ పరీక్షా వైరస్ ఫలానా రోజు, ఫలానా మనిషి నుంచి వచ్చిందని చెప్పలేదు. దాని మీద కాపురాలు కూలిపోకూడదని నేను ప్రతి జంటకూ గట్టిగా చెబుతాను. నమ్మకం గురించిన మాటలు మాట్లాడుకోవాల్సి ఉంటే మాట్లాడుకోండి. కానీ ల్యాబ్ కాగితాన్ని సాక్ష్యంగా పెట్టుకుని మాత్రం వద్దు.

పొక్కులు లేనప్పుడు కూడా ఎదుటి మనిషికి అంటుతుందా?

అంటుతుంది. అసలు ఎక్కువమందికి అంటేది అలాగే. పైకి చర్మం మామూలుగానే ఉన్నా కొన్ని రోజుల్లో వైరస్ ఉపరితలానికి వస్తుంటుంది. రెండో రకం ఉన్నవాళ్ల దగ్గర రోజూ నమూనాలు తీసి చూసినప్పుడు, పొక్కుల చరిత్ర ఉన్నవాళ్లలో దాదాపు 20 శాతం రోజుల్లో, ఎప్పుడూ పొక్కులు రానివాళ్లలో 10 శాతం రోజుల్లో వైరస్ దొరికింది. జననాంగాల దగ్గర ఒకటో రకం ఉంటే ఇది మొదటి ఏడాదిలోనే బాగా తగ్గిపోతుంది, పొక్కులు మళ్లీ రావడమూ తక్కువే. మీకున్నది ఏ రకమో తెలుసుకోమని పట్టుబట్టేది ఇందుకే.

మరి నా భార్యను, భర్తను ఎలా కాపాడుకోవాలి?

ఏ ఒక్కటీ నూటికి నూరుపాళ్లు కాపాడదు. కలిపి చేస్తే మాత్రం ప్రమాదం చాలా తగ్గుతుంది.

పొక్కులు ఉన్న రోజుల్లో కలవకండి. పొక్కు కనిపించాక ఆగడం కాదు, దాని ముందు వచ్చే గుర్తు దగ్గరే ఆగాలి. చాలామందికి ఒకరోజు ముందు అదే చోట చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటుంది. తొడ వెనక లాగుతుంది, గజ్జల్లో బిళ్ల కడుతుంది. రెండు మూడు సార్లు వచ్చాక మీ ఒళ్లే మీకు చెబుతుంది. అప్పటి నుంచి పక్కులు పూర్తిగా రాలి కొత్త చర్మం వచ్చేదాకా ఆగండి. ఆ రోజుల్లో కండోమ్ ఉందిలే అనుకోవద్దు, పొక్కు కండోమ్ కప్పని చోట కూడా ఉండొచ్చు. పెదవి మీద పొక్కు ఉంటే ముద్దులూ, ఓరల్ సెక్సూ వద్దు.

మిగతా రోజుల్లో కండోమ్. మగవాళ్ల నుంచి ఆడవాళ్లకు అంటకుండా ఆపడంలో అది బాగా పనిచేస్తుంది. ఆడవాళ్ల నుంచి మగవాళ్లకు అంత కాకపోయినా పనిచేస్తుంది. ఆడవాళ్లకే తేలిగ్గా అంటుతుంది కాబట్టి మొదటి ఫలితానికి విలువ ఎక్కువ. పెళ్లయినవాళ్లం మాకు కండోమ్ ఏమిటని అడుగుతారు. కాపాడాల్సిన మనిషి ఇంట్లో ఉన్నారు కాబట్టే.

ఇక రోజువారీ మాత్ర. 2004లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, ఒకరికి రెండో రకం ఉండి మరొకరికి లేని 1,484 జంటలను ఎనిమిది నెలలు చూశారు. ఉన్నవాళ్లకు రోజుకు 500 ఎంజీ వాలాసైక్లోవిర్ ఇస్తే, ఎదుటివారికి అంటడం 3.6 శాతం నుంచి 1.9 శాతానికి, అంటే దాదాపు సగానికి తగ్గింది. ఆ 3.6ను కూడా ఒకసారి గమనించండి. మాత్ర లేకపోయినా ఎనిమిది నెలల్లో వందమందిలో తొంభై ఆరుగురికి అంటలేదు. వాళ్లకు కండోమ్, జాగ్రత్తల గురించి చెప్పారు. ‘ఇక తాకితే చాలు అంటుకుంటుంది’ అని దూరంగా వేరే గదిలో పడుకుంటున్నవాళ్లకు నేను మొదట చెప్పే అంకె ఇదే. మాత్ర రోజూ వాడాలా వద్దా అన్నది డాక్టరుతో మాట్లాడండి. కిడ్నీ సమస్య ఉంటే మోతాదు మారుతుంది.

నా భాగస్వామికి కూడా పరీక్ష చేయించాలా?

మీకు రెండో రకం ఖాయంగా తేలితే, ఒకసారి ఐజీజీ చేయించడం ఉపయోగమే. వాళ్లకూ అదే రకం ఉందని తేలితే ఒకరి నుంచి ఒకరికి మళ్లీ అంటుతుందన్న భయం లేదు. లేదని తేలితే ఏం కాపాడుకోవాలో తెలుస్తుంది. తక్కువ అంకెతో పాజిటివ్ వస్తే పైన 1.6 గురించి చెప్పిందే వాళ్లకూ వర్తిస్తుంది.

ఇంట్లో పిల్లలకు, తువ్వాళ్ల వల్ల, బాత్రూమ్ వల్ల అంటుతుందా?

బాత్రూమ్ సీటు వల్ల, బకెట్ వల్ల, బట్టలు కలిపి ఉతకడం వల్ల అంటదు. చర్మం దాటి బయటికి వస్తే ఈ వైరస్ ఎక్కువసేపు బతకదు. పొక్కు ముట్టుకున్న చేతిని సబ్బుతో కడుక్కోండి, ఆ చేత్తో కళ్లు నలుపుకోకండి. కంటికి అంటితే చూపుకే ప్రమాదం.

పసిబిడ్డల విషయంలో మాత్రం రాజీ వద్దు. ఇరవై ఒకటో రోజు బారసాలకు చుట్టాలంతా వచ్చి బిడ్డను ముద్దాడతారు. మూతి పేలిన వాళ్లెవరైనా సరే, అమ్మమ్మయినా సరే, ముద్దు పెట్టకూడదు. అప్పుడే పుట్టిన బిడ్డకు ఈ వైరస్ ప్రాణాంతకం కాగలదు. అలుగుతారని మొహమాటపడకండి.

గర్భంతో ఉన్నాను. బిడ్డకు ఏమవుతుంది?

ముందు నుంచీ ఉన్న హెర్పిస్ అయితే కాన్పు సమయంలో బిడ్డకు అంటే అవకాశం ఒక శాతం కన్నా తక్కువ. తల్లి యాంటీబాడీలే బిడ్డకు కాపలా. చివరి నెలల్లో తల్లికి కొత్తగా అంటితే మాత్రం ఆ ప్రమాదం 30 నుంచి 50 శాతం. అందుకే భర్తకు ఉండి భార్యకు లేకపోతే, చివరి మూడు నెలలు కలయిక మానేయమంటాం. భర్తకు మూతి పేలే అలవాటున్నా ఓరల్ సెక్స్ కూడా వద్దు. హెర్పిస్ ఉన్న తల్లులకు 36 వారాల నుంచి ఎసైక్లోవిర్ అనే హెర్పిస్ మందు ఇస్తారు. నొప్పులు మొదలయ్యేసరికి పొక్కులు ఉంటే సిజేరియన్ చేస్తారు. కాన్పు ఏ ఆసుపత్రిలో అయినా సరే, ఈ సంగతి దాచకుండా కేస్ షీటులో రాయించండి.

పూర్తిగా నయమవుతుందా? యూట్యూబ్‌లో ‘నలభై రోజుల్లో నెగెటివ్’ అంటున్నారు.

వైరస్‌ను ఒంట్లోంచి పూర్తిగా తీసేసే మందు ఏ వైద్యంలోనూ లేదు, టీకా కూడా ఇంకా రాలేదు. ఐజీజీ ఒకసారి పాజిటివ్ అయితే సాధారణంగా అలాగే ఉంటుంది కాబట్టి దాన్ని నెగెటివ్ చేస్తామనేవాళ్లు మీ డబ్బు కోసమే. బంగారం తాకట్టు పెట్టి కోర్సులు కొన్నవాళ్లు నా దగ్గరికి వచ్చారు. పొక్కులను తగ్గించే మందులు మాత్రం పాతవి, బాగా పనిచేసేవి. మొదటిసారి వచ్చినప్పుడు ఎసైక్లోవిర్ 400 ఎంజీ రోజుకు మూడుసార్లు, ఏడు నుంచి పది రోజులు వాడతారు. మొదటిసారే ఎక్కువ బాధ. జ్వరం, మూత్రం మంట అన్నీ ఉంటాయి. తర్వాత తర్వాత తేలికపడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ రావడమూ తగ్గుతుంది.

ఎలా చెప్పాలి? చెబితే వదిలేస్తారేమో. పెళ్లి కుదిరింది కూడా.

కలయికకు ముందే చెప్పాలి. మంచం మీద కాదు, రాత్రి పదకొండింటికి కాదు, వాట్సాప్‌లో అసలే కాదు. ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు, పక్కన ఎవరూ లేని చోట. మాటలు దొరకనివాళ్లకు నేను ఇలా మొదలుపెట్టమంటాను: “నాకు ఒక వైరస్ ఉందని పరీక్షలో తేలింది. ప్రాణం తీసేది కాదు, కానీ నీకు అంటొచ్చు. అంటకూడదనే ముందు నీకే చెబుతున్నా. కావాలంటే డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం.” అంత చాలు. క్షమాపణలతో మొదలుపెట్టకండి, మీరు నేరం చేయలేదు. తర్వాత వాళ్లు మౌనంగా ఉంటే ఉండనివ్వండి. మీరు వారం ఏడ్చాక అర్థం చేసుకున్నదాన్ని వాళ్లు ఐదు నిమిషాల్లో మింగలేరు.

పెళ్లి కుదిరినవాళ్లు పెద్దవాళ్లకు చెప్పాలా అని అడుగుతారు. చెప్పాల్సింది పెళ్లి చేసుకునే మనిషికి. మధ్యవర్తికి, మేనమామకు కాదు. ముందు మీ పాజిటివ్ నిజమైనదో కాదో తేల్చుకోండి. 1.6 చూసి సంబంధం వదులుకున్న అబ్బాయి ఒకరు, ఆర్నెల్ల తర్వాత మళ్లీ చేయిస్తే నెగెటివ్ వచ్చిన కాగితం పట్టుకుని నా ముందు కూర్చున్నాడు. ఆ అమ్మాయికి అప్పటికే వేరేచోట పెళ్లయిపోయింది.

హైదరాబాద్‌లో ఎక్కడికి వెళ్లాలి? ఎవరైనా చూస్తారేమో.

ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మ, సుఖవ్యాధుల ఓపీలు ఉన్నాయి. ప్రభుత్వాసుపత్రుల్లో ‘సురక్ష క్లినిక్’ అని బోర్డు ఉంటే సుఖవ్యాధులకు ఉచితంగా చూసేది అక్కడే. అక్కడ జబ్బును బట్టి రంగు కిట్లు ఉంటాయి, హెర్పిస్‌కు ఇచ్చేది ఎర్ర కిట్. అందులో ఎసైక్లోవిర్ ఉంటుంది. ప్రైవేటులో అయితే చర్మవ్యాధుల డాక్టరును కలవండి, బోర్డు మీద డీవీఎల్ అని ఉంటే సుఖవ్యాధులు కూడా చూస్తారు. ముఖం చూపించడానికి ఇంకా ధైర్యం రాకపోతే 1097కు ఫోన్ చేయండి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నడిపే ఉచిత నంబరు అది, సుఖవ్యాధుల గురించి కూడా అడగొచ్చు.

వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ తీసుకెళ్లండి. పొక్కులు వచ్చిన తేదీలు ఒక కాగితం మీద రాసుకోండి. ఫోనులో ఫొటో తీసి ఉంటే అది కూడా చూపించండి, డాక్టరుకు పనికొస్తుంది. ఓపీ చీటీ దగ్గర ఏం జబ్బని అడిగితే ‘చర్మం’ అంటే చాలు.